గ్రాఫు కాగితం మీద జీటీ అక్క

ఆ కాలంలో కంప్యూటర్ వచ్చినవాడంటే ఊళ్లో ఉండే మర్యాదే వేరు. ఎనభైల చివరి సంవత్సరాల మాట ఇది. హన్మకొండలో నేను పొద్దున్నే టై కట్టుకుని (మే నెలలో కూడా) సైకిల్ మీద పోతుంటే మా వీధి కిరాణా షాపాయన పక్కవాళ్లకు నన్ను చూపించి, "గా సారు కంప్యూటర్ల పన్జేస్తడు" అనేవాడు. నేను కంప్యూటర్ లోపలికి దిగి పని చేస్తానని ఆయన నిజంగానే నమ్మాడని చాలా రోజుల తర్వాత తెలిసింది. తెలిసినా నేను దిద్దలేదు. ఇరవై మూడేళ్ల వయసులో అలాంటి అపోహలను దిద్దాలని ఎవరికీ అనిపించదు. ఆ వయసులో మనకు అన్నీ తెలుసు కాబట్టి తప్పులు కూడా చాలా నీటుగా, స్కేలు పెట్టి గీతలు గీసి, మార్జిన్లు వదిలి చేస్తాం. నేను అలా చేసిన ఒక తప్పు గురించి ఇప్పుడు చెబుతాను.

హన్మకొండలోనే, సుబేదారిలో, కాలువల పనులు చూసే ఒక ఆఫీసులో నాకు ఆరు నెలల తాత్కాలిక ఉద్యోగం దొరికింది. పని బాగుంటే మరో ఆరు నెలలు పొడిగిస్తామన్నారు. పని ఏమిటంటే, కాలువ కింద సాగు చేసుకునే రైతుల జాబితా మొత్తం కంప్యూటర్‌లోకి ఎక్కించడం. ఎవరి పొలం, ఏ సర్వే నంబరు, ఎన్నెకరాలు, ఏ తూము కింద అన్నది అందులో ఉండాలి. వానాకాలం పంటకు నీళ్లు వదిలేలోగా జాబితా పూర్తయితే, దాన్నిబట్టి ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్లు పారాలో చీటీలు అచ్చవుతాయి. పేరు లేకపోతే చీటీ లేదు, చీటీ లేకపోతే వంతు లేదు. అందుకని రోజూ పరకాల నుంచీ, పాలంపేట నుంచీ రైతులు బస్సెక్కి వచ్చి మా వరండాలో కూర్చునేవారు.

మేడ మీద ఏసీ గదిలో పెద్ద మిషన్ ఉండేది, యునిక్స్ అనే సిస్టమ్ మీద నడిచేది. కింది గదిలో నలుగురు ఆపరేటర్ల ముందు నాలుగు టెర్మినళ్లు, అంటే తెరా కీబోర్డూ మాత్రమే ఉన్నవి, ఉండేవి. అవి నాలుగూ ఒక చిన్న పెట్టెకు కలిసేవి. ఆ పెట్టెలోంచి నా బొటనవేలంత లావున్న పసుపుపచ్చ కేబుల్ ఒకటి గోడకు చేసిన కన్నంలోంచి మేడ మీదికి పోయి, పెద్ద మిషన్‌లో కొత్తగా బిగించిన నెట్‌వర్క్ కార్డుకు తగులుకునేది. కింద ఎవరు ఏ అక్షరం కొట్టినా ఆ కేబుల్ మీదుగా పైకి పోవలసిందే. జిల్లాలో అలాంటి కార్డు ఇంకెక్కడా లేదని దాన్ని అమ్మిన కంపెనీవాళ్లు చెప్పారు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లకూ నేనూ అదే చెప్పేవాణ్ణి, కార్డును నేనే తయారుచేసినట్టు.

నలుగురు ఆపరేటర్లలో ముగ్గురు మగవాళ్లు. టీకి కలిసి పోయి కలిసి వచ్చేవాళ్లు, కీబోర్డు మీద అక్షరాన్ని పోగొట్టుకున్న వస్తువును వెతికినట్టు వెతికేవాళ్లు. నాలుగో ఆమెను ఆఫీసంతా జీటీ అక్క అనేది. వరంగల్ స్టేషన్‌లో ఆగీ ఆగకుండానే వెళ్లిపోయే గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ పేరు ఆమెకు ఎవరు పెట్టారో తెలియదు కానీ సరిగ్గా సరిపోయింది. వాళ్లది నేతపని కుటుంబం. మగ్గం ముందు కాకుండా టైపు మిషన్ ముందు కూర్చుంటానని పట్టుబట్టి, టైపు పరీక్షలు లోయరూ హయ్యరూ రెండూ ఫస్టు క్లాసులో పాసై ఈ ఉద్యోగానికి వచ్చింది. కాగితం మీంచి కళ్లు ఎత్తేది కాదు. ఆమె టైపు చేస్తుంటే పక్క గదిలోకి రేకుల కప్పు మీద వాన పడినట్టు వినిపించేది. మిగతా ముగ్గురూ కలిసి ఎన్ని కట్టల ఫారాలు ఎక్కిస్తారో, ఆమె ఒక్కతే అన్ని ఎక్కించేది.

అంతా బాగానే ఉండగా మిషన్‌కు ఒక జబ్బు పట్టుకుంది. పొద్దున్న తొమ్మిదింటికి చక్కగా మొదలయ్యేది. మధ్యాహ్నం మూడు అయ్యేసరికి కింద నాలుగు తెరలూ బిగుసుకుపోయేవి. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. నేను మేడెక్కి మిషన్ ఆపి, మళ్లీ నడిపిస్తే లేచి కూర్చునేది. కానీ సగంలో ఉన్న కట్టల్లోని పేర్లన్నీ పోయేవి, ఎందుకంటే కట్ట మొత్తం పూర్తయితే తప్ప మా ప్రోగ్రాం దాచుకోదు. (ఆ ప్రోగ్రాం రాసింది నేనే. ఈ ముక్క అప్పట్లో ఎవరికీ గట్టిగా చెప్పలేదు.)

పాలంపేట నుంచి వచ్చే ఒక పెద్దాయన మూడోసారి వచ్చి అడిగాడు. "సారూ, నా పేరు ఎక్కిందా?"

"ఎక్కింది తాతా. మళ్లీ దిగింది."

"ఏడ దిగింది?"

"మిషన్ ఆగిపోయింది కదా, అందుకని పోయింది. మళ్లీ ఎక్కిస్తాం."

"ఎక్కుడేంది, దిగుడేంది బిడ్డా, గదేమన్న పరకాల బస్సా?" అని ఆయన వరండాలో కూర్చుని, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, కొంచెం సేపయ్యాక మళ్లీ అడిగాడు. "నీళ్లిడిసేటాల్లకన్న ఎక్కుతదా, జర నిజం చెప్పు."

నేను తప్పకుండా అన్నాను. నిజం నాకే తెలియదు.

మా ఆఫీసు సూపరింటెండెంటును అందరూ రాహుకాలం సారు అనేవారు. పంచాంగం చూడకుండా ఆయన ఫైలు తాడు కూడా విప్పడు. మిషన్ జబ్బు గురించి వారం రోజులు గమనించి ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "తమ్మీ, ఒకటి చెప్త విను. జీటీ అక్క లీవు పెట్టిన రోజు మిషన్ ఆగుతలేదు. ఆమె వచ్చిన రోజే ఆగుతాంది. కొందరి చెయ్యి గట్లనే ఉంటది. మనం ఏం జెయ్యలేం."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంజనీరింగ్ చదివినవాడి ముందు చెయ్యీ కాలూ అని మాట్లాడతారా? నిజమేమిటో శాస్త్రీయంగా తేల్చి ఆయన నోరు మూయించాలని గ్రాఫు కాగితం కొని తెచ్చాను. మిషన్ ఆగిన రోజులు, ఆగిన సమయం, ఆ రోజు ఎవరెవరు పనిలో ఉన్నారు, ఏసీ ఎంత చల్లగా ఉంది, కరెంటు ఎన్నిసార్లు పోయింది అన్నీ ఎర్ర పెన్నుతో, నీలం పెన్నుతో చుక్కలు పెట్టాను. మూడు వారాల చుక్కలు కలిపి చూస్తే ఏసీకీ సంబంధం లేదు, కరెంటుకూ సంబంధం లేదు. ఒకే ఒక్కదానితో సంబంధం ఉంది. జీటీ అక్క ఉంటే ఆగుతుంది, లేకపోతే ఆగదు. రాహుకాలం సారు పంచాంగంతో ఎక్కడికి చేరాడో నేను గ్రాఫు కాగితంతో సరిగ్గా అక్కడికే చేరాను. తేడా ఏమిటంటే నా దానికి మార్జిన్లు ఉన్నాయి.

నిజానికి ఒక చుక్క సరిపోలేదు. ఒక ఆదివారం జీటీ అక్క ఒక్కతే వచ్చి రోజంతా పని చేసింది. మిషన్ కిమ్మనలేదు. ఆ చుక్క పక్కన నేను బ్రాకెట్లు పెట్టి 'మినహాయింపు' అని రాసి ముందుకు పోయాను.

కార్డు గురించి కూడా అనుమానించకపోలేదు. మాన్యువల్‌లో ఒక కమాండు ఉండేది. నెట్‌వర్క్ పనికి మిషన్ మెమరీలో ఎన్ని ముక్కలు వాడుకలో ఉన్నాయో అది చెబుతుంది. రోజూ మిషన్ ఆగిపోగానే పరుగెత్తి, మళ్లీ నడిపించి, వెంటనే ఆ కమాండు ఇచ్చేవాణ్ణి. ఎప్పుడు చూసినా నలభై ముక్కలకు మించి వాడుకలో ఉండేవి కావు. అందుబాటులో వేల ముక్కలు ఉండగా నలభై ఒక లెక్కా? కార్డు నిర్దోషి అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

నా గ్రాఫును రాహుకాలం సారు చూసి ఎంతో సంతోషించాడు. "చూసినవా, సైన్సు గుడ గదే చెప్తాంది" అన్నాడు. మరుసటి రోజే దాన్ని ఒక ఫైలుకు జతచేసి ఈఈ సారుకు, అంటే మా అందరి మీదా ఉండే పెద్దసారుకు పంపాడు. ఆ ఫైలులో జీటీ అక్కను పరకాల సెక్షన్‌కు బదిలీ చేయాలన్న కాగితం ఉంది. పరకాలలో కంప్యూటర్ లేదు. సగం అక్షరాలు అరిగిపోయిన ఒక టైపు మిషన్ ఉంది. పోనూ రానూ బస్సు. ఇద్దరు చిన్నపిల్లలను బడికి పంపి ఆమె ఏ బస్సు అందుకోవాలో నేను ఆలోచించలేదు. నేను గీసిన బొమ్మ ఆఫీసు రికార్డుల్లోకి ఎక్కిందని మాత్రం లోలోపల కాస్త గర్వపడ్డాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

బదిలీ సంగతి ఆఫీసులో దాగలేదు. ఆమె సరాసరి మేడ మీదికి వచ్చింది. చెప్పులు బయట విడిచి, నా బల్ల ముందు నిలబడింది.

"ఏదీ, నా మీద గీసిన కాగితం చూపెట్టు తమ్మీ."

నా దగ్గరున్న రెండో ప్రతి తీసి ఇచ్చాను. చాలాసేపు చూసింది. "గీతలు మంచిగ గీసినవ్" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అంది. తర్వాత వేలు పెట్టి చూపించింది. "గీ ఆదివారం నేనొక్కదాన్నే కూసున్న. ఆగలే. మరి నా చెయ్యి ఆ రోజు ఏడికి పోయింది?"

"అది మినహాయింపు అక్కా."

"టైము జూస్తానవ్, మనుషులను జూస్తానవ్. కట్టలు లెక్కబెట్టినవా? అందరియి కలిపి ఇరవై రెండో కట్ట నడుస్తుండంగ ఆగుతాంది. నెల నుంచి జూస్తాన. ఆదివారం నేను పదహారే కొట్టిన. నేను రాకపోతే గా ముగ్గురు పొద్దుమూకేదాక పదిహేను దాటరు."

"అది కాకతాళీయం" అన్నాను. ఆ మాటకు అర్థం ఆమెకు తెలియకూడదని నా ఆశ కాబోలు.

ఆమె కోప్పడలేదు. తెర వైపు చూసి, "ఆ కమాండు ఏందో ఇస్తవట గదా, మెమరీ చూసేది. ఎప్పుడు ఇస్తవ్?" అని అడిగింది.

"ఆగిపోయాక, మళ్లీ నడిపించి ఇస్తాను."

"నడిపిచ్చినంకనా?" నా ముఖంలోకి చూసింది. "అన్నం తిన్నంక ఆకలైతాందా అని అడుగుతానవా తమ్మీ? నడుస్తుండంగ జూడవా?"

మిషన్ ఆపి మళ్లీ నడిపిస్తే మెమరీ మొత్తం ఖాళీ అయి కొత్తగా మొదలవుతుంది. జ్వరం తగ్గిపోయాక ధర్మామీటరు పెట్టి, రోగికి జ్వరమే లేదని నెల రోజులుగా రాసుకుంటున్నానన్నమాట. వెంటనే కమాండు ఇచ్చాను. అప్పుడు పదకొండున్నర అయింది. నలభై ఉండాల్సిన చోట వేలల్లో అంకె కనిపించింది.

జీటీ అక్క కిందికి పోయి కూర్చుంది. మిగతా ముగ్గురినీ కీబోర్డుల మీంచి చేతులు తీయమన్నాను. ఇంటర్‌కం ఫోను చెవికి ఆనించుకుని, "ఒక్క అక్షరం కొట్టక్కా" అన్నాను.

"కొట్టిన."

అంకె ఒకటి పెరిగింది.

"ఇంకొకటి."

"కొట్టిన. ఒక్కొక్కటి కొట్టుడు నాకు శాతనైతలేదు తమ్మీ, జల్ది చెప్పు."

మళ్లీ ఒకటి పెరిగింది. పది కొట్టమంటే పది పెరిగాయి. నేనే కిందికి పోయి ఆమె కుర్చీలో కూర్చుని పది అక్షరాలు కొట్టి, మేడెక్కి చూశాను. పదే పెరిగాయి. ఎవరు కొట్టినా అంతే. కింది నుంచి వచ్చే ప్రతి అక్షరానికీ కార్డు తాలూకు ప్రోగ్రాం మెమరీలో ఒక ముక్క తీసుకుంటోంది, పని అయ్యాక తిరిగి ఇవ్వడం లేదు. వేల ముక్కలూ అయిపోగానే మిషన్ బిగుసుకుంటోంది. ఆ ముగ్గురి వేగానికి సాయంత్రం దాకా అయిపోవు, రాత్రికి మిషన్ ఆపేస్తాం కాబట్టి ఎవరికీ తెలియదు. జీటీ అక్క వేగం కలిస్తే మూడింటికల్లా అయిపోతాయి. ఆఫీసులో అందరికంటే బాగా పని చేసే మనిషి ఉన్నందువల్లే ఆ కార్డు లోపం బయటపడింది. ఆ మనిషినే నేను దోషిగా గీసి పెట్టాను.

నేను వెంటనే పెద్దసారు దగ్గరికి పరుగెత్తానని రాసుకుంటే బాగుండేది. కానీ ఒక పూటంతా ఎవరికీ చెప్పలేదు. నా పొడిగింపు కాగితం కూడా ఆయన బల్ల మీదే ఉంది. నెల రోజులు తప్పు చూశానని చెబితే దాని మీద సంతకం పెడతాడా? కంపెనీకి రహస్యంగా ఉత్తరం రాసి, కార్డు బాగుచేయించి, తర్వాత మెల్లగా చెబుదామా అనుకున్నాను. మూడింటికి మిషన్ మామూలుగానే ఆగింది. మళ్లీ నడిపించి కిందికి పోయి చూస్తే జీటీ అక్క మిగిలిన ఫారాలను కట్ట కట్టి, పరకాలకు తీసుకుపోవాల్సిన తన సామాన్లు, ఒక గ్లాసు, చిన్న దేవుడి పటం, టిఫిన్ డబ్బా, సంచిలో సర్దుకుంటోంది. నేను అటునుంచి అటే పెద్దసారు గదిలోకి పోయాను.

ఆయన అంతా విని, "ముక్క తీసుకొని ఇయ్యకపోవుడేంది? నాకు సమజయ్యేటట్టు చెప్పు" అన్నాడు.

"మన క్యాంటీన్ అనుకోండి సార్. ఇడ్లీలు ఉన్నాయి. కానీ తిన్న ప్లేట్లు ఎవరూ కడగడానికి తిరిగి వేయడం లేదు. ప్లేట్లు అయిపోతే ఇడ్లీలున్నా పెట్టలేరు."

"అంటే మస్తుమంది తింటే జల్ది అయిపోతయ్."

"అవును సార్. తినేవాళ్ల తప్పు కాదు."

ఆయన లేచాడు. రాహుకాలం సారునూ వెంటబెట్టుకుని కిందికి వచ్చి, ఒక టెర్మినల్ ముందు కూర్చుని, ఒక్క వేలితో ఐదు అక్షరాలు కొట్టాడు. నేను పైనుంచి ఇంటర్‌కంలో అంకె చదివాను. ఐదు పెరిగాయి. "ఇగ నువ్వు కొట్టు" అన్నాడు సూపరింటెండెంటుతో. అప్పుడు మంగళవారం మూడున్నర. సూపరింటెండెంటు చేతులు వెనక్కి కట్టుకుని, "నాలుగున్నర దాక రాహుకాలం సార్, అయినంక కొడ్త" అన్నాడు. పెద్దసారు చూసిన చూపుకు ఆయన కళ్లు మూసుకుని ఒక మీట నొక్కాడట. "ఒకటి పెరిగింది" అని నేను ఫోనులో అరిచాను. ముగ్గురు మగ ఆపరేటర్లూ ఒకేసారి దగ్గడం ఫోనులో వినిపించింది.

పెద్దసారు నన్ను కిందికి పిలిచాడు. "నీ గీతలు కరెక్టేనయ్యా, మనిషినే తప్పు పట్టుకున్నవ్. ఇప్పుడు నీ చేత్తోనే ఫైల్ల రాయి" అన్నాడు. అందరి ముందూ రాశాను. లోపం కార్డు ప్రోగ్రాంలో ఉందని, ఆపరేటర్‌కు దానితో సంబంధం లేదని, దాన్ని మొదట గుర్తుపట్టింది ఆమేనని రాశాను. చివరి వాక్యం రాయమని ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే. తర్వాత ఆమె దగ్గరికి పోయి, "క్షమించక్కా" అన్నాను.

"జర ముందుగాల నన్ను అడిగితే అయిపోవు గదా" అంది. గ్లాసు సంచిలోంచి తీసి మళ్లీ బల్ల మీద పెట్టి, ఫారాల కట్ట విప్పింది.

కంపెనీ నుంచి జవాబు రావడానికి చాలా వారాలు పట్టింది. అంతదాకా రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ అందరూ కట్టలు ముగించాక మిషన్ ఆపి మళ్లీ నడిపించాం. ఆ పని రాహుకాలం సారు తన బాధ్యతగా తీసుకున్నాడు. బుధవారం మాత్రం ఒంటిగంటన్నర దాటాకే ఆపనిచ్చేవాడు. నేను వాదించలేదు, వాదించే అర్హత పోయింది కదా. జాబితా నీళ్లు వదలడానికి నాలుగు రోజుల ముందు పూర్తయింది. పాలంపేట పెద్దాయన తన చీటీని రెండు చేతులతో పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, "ఇగ దిగది గదా?" అని అడిగి మరీ వెళ్లాడు.

తర్వాత హైదరాబాద్ నుంచి కంపెనీ ఇంజనీరు దిద్దిన ప్రోగ్రాంను టేపులో తెచ్చాడు. వాళ్ల ఆఫీసులో పరీక్షించినప్పుడు ఈ లోపం ఎందుకు బయటపడలేదని అడిగితే, అక్కడ ఇద్దరు ఇంజనీర్లు కూర్చుని టైపు చేశారని, అంత సేపూ అంత వేగంగా కొట్టేవాళ్లు తమకు తగల్లేదని చెప్పాడు. జీటీ అక్కను చూస్తానన్నాడు. ఆమె అతని ముందు ఒక కట్ట కొట్టింది. అతను నోరు తెరుచుకుని చూశాడు. ఆమె కళ్లెత్తకుండానే, "ఇప్పుడన్న మంచిగైందా, లేకపోతే ఇంకా జల్ది కొట్టన్నా?" అని అడిగింది.

నాకు పొడిగింపు దొరికింది. తర్వాత చాలా ఊళ్లలో, చాలా మిషన్ల ముందు కూర్చున్నాను. మెమరీ తీసుకుని తిరిగివ్వని ప్రోగ్రాములు డజన్ల కొద్దీ చూశాను. అలాంటి ఫిర్యాదు ఎప్పుడొచ్చినా మొదట పోయి ఆ మిషన్ ముందు కూర్చునేవాళ్లతో మాట్లాడతాను. దాన్ని నా అనుభవం అంటారు కొందరు.

అప్పుడప్పుడూ ఆ టై కట్టుకున్న కుర్రవాడు గుర్తొస్తాడు. సుబేదారి ఎండలో సైకిల్ తొక్కుతూ, క్యారియర్‌కు గ్రాఫు కాగితాల చుట్ట కట్టుకుని పోతుంటాడు. ఆపి, "బాబూ, ఆ బ్రాకెట్లలో పెట్టిన చుక్కను ఇంకోసారి చూసుకో" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా ఏం లాభం? నా నెరిసిన జుట్టుకు గౌరవమిచ్చి రెండు నిమిషాలు నిలబడి వింటాడు. "అలాగే అంకుల్" అంటాడు. ఈ ముసలాయనకు కంప్యూటర్ల గురించి ఏమీ తెలియదని మనసులో తీర్మానించుకుని, పెడల్ తొక్కుకుంటూ వెళ్లిపోతాడు.